పళ్ళ బండికి దిష్టి

మా అత్తగారి నోట్లో పళ్ళన్నీ ఊడిపోయినా ఒక్క మాట మాత్రం ఊడిపోలేదు. పర్లేదు. ఆవిడ పేరు సుబ్బరత్నం. పేరులో రత్నమైతే ఉంది గానీ, నోట్లోంచి ఒక్క ముత్యం రాలదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి మా అబ్బాయికి పెళ్ళీడు వచ్చేదాకా ఎన్ని పూటలు వండి ఉంటానో మీరే అనుకోండి. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, "బాగుందే తులసీ" అన్న పాపాన పోలేదు. గుత్తివంకాయ కూర వండి ఎదురుగా నిలబడితే, ముద్ద నోట్లో పెట్టుకుని, గోడకేసి చూసి, "ఊఁ, పర్లేదు" అంటుంది. రామతులసికి కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన జయకృష్ణ ఊరంతా చెప్పుకుని తిరుగుతాడు. ఉండదా మరి? ఒక్కనాడన్నా ఒక మంచి మాట చెవిన పడితే కదా అది దిగేది!

అసలు ఆవిడ పెళ్ళే ఆ మాట మీద జరిగింది. పెళ్ళిచూపులయ్యాక, అబ్బాయి నచ్చాడా అని వాళ్ళ నాన్న అడిగితే పర్లేదందట. ఆ ఒక్క మాట పట్టుకుని మా మామగారు వెంకటప్పయ్య బతికినంత కాలం మీసం మెలేశాడు. పొలం కొన్నా పర్లేదే, గేదె ఈనినా పర్లేదే, కొడుకు డిగ్రీ పాసైనా పర్లేదే. మామగారు పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళెవరో, "ఆయనెట్టాంటి మనిషి పిన్నీ" అని మాటవరసకి అడిగారు. ఆవిడ చాలాసేపు నేల చూసి, "పర్లేదు" అంది. అప్పుడు మాత్రం అక్కడున్న అందరికీ ఏడుపొచ్చింది. నాక్కూడా.

మాది పామర్రు దాటాక కాలవ పక్కన ఉన్న చిన్న ఊరు. మా ఊళ్ళో ఈ మాటకి చాలా రకాలున్నాయి. పర్లేదులే అంటే తగలబెట్టావని. పర్లేదండీ అంటే ఇంక వడ్డించొద్దని. కాలు తొక్కినవాణ్ణి వదిలెయ్యడానికీ పర్లేదే. ముందు ఊఁ పెట్టి, తల ఒక పక్కకి వంచి, పర్లేదు అన్నారంటే అది బ్రహ్మాండం అన్నమాట. ఇవన్నీ మా అత్తగారి దగ్గరే ఊరు నేర్చుకుందని నా అనుమానం. మా పక్కింటి దానమ్మ అయితే సినిమాకెళ్ళి, రెండు కొంగులు తడిసేలా ఏడ్చి, బయటికొచ్చి ముక్కు చీది, "పర్లేదు" అంటుంది.

నేను చెగోడీలు, జంతికలు వండి పామర్రు బజార్లో కొట్లకి వేస్తుంటాను. పళ్ళున్న రోజుల్లో ప్రతి వాయికీ మొదటి చెగోడీ మా అత్తగారిదే. కళ్ళు మూసుకుని, చెవి కాస్త వాల్చి, కటుక్కున కొరికేది. ఆవిడ నాలిక కంటే చెవికి పని ఎక్కువ. శబ్దం సరిగ్గా ఉంటే "ఊఁ, పర్లేదు". ఆ వాయి బజారుకి పోయేది. "పర్లేదులే" అంటే ఆ వాయి మా ఆయన తినేవాడు.

తర్వాత పళ్ళు కదలడం మొదలైంది. ఒక్కొక్కటే రాలిపోయాయి, కొన్ని ఆవిడే దారం కట్టి లాగేసుకుంది. పైన ఒక్కటీ మిగల్లేదు, కింద మాత్రం ఒకటీ అరా ఊగుతూ ఉండేవి. పళ్ళతో పాటు మనిషి కూడా ఇంట్లోకి ముడుచుకుపోయింది. పెళ్ళిళ్ళకి రావడం మానేసింది. వచ్చినవాళ్ళతో కొంగు నోటికడ్డం పెట్టుకుని మాట్లాడేది. మేమందరం తినేశాక, వంటింట్లో గోడవైపు తిరిగి పెరుగన్నం మెత్తగా పిసుక్కుని తినేది. చెగోడీ ఇస్తే టీలో నానేసుకునేది. "ఎట్టా ఉంది అత్తయ్యా" అంటే, "నానిన చెగోడీకి చెప్పేదేముందే" అని గ్లాసు పక్కన పెట్టేసేది. ఆ పర్లేదు కోసమా నేనిన్నాళ్ళూ కస్సుబుస్సులాడింది? అది కూడా లేకపోయేసరికి, వాయి దింపిన ప్రతిసారీ నాకు ఇల్లు బోసిపోయినట్టుండేది. మాట కూడా మారిపోయింది. పర్లేదు కాస్తా పల్లేదు అయింది. ఎవరికైనా పళ్ళు లేవని చెప్తోందేమో అన్నట్టు వినపడేది.

పళ్ళు కట్టించుకోవడానికి విజయవాడ పోదామంటే వినదు. బస్సయినా కారయినా ఎక్కిందంటే చాలు, పామర్రు సెంటరు రాకముందే కక్కేస్తుంది. "పళ్ళ కోసం పోయి పేగులు కూడా పోగొట్టుకు రమ్మంటావా" అంటుంది. బతిమాలి బతిమాలి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అలాంటి మనిషి పళ్ళ డాక్టరు కుర్చీ ఎలా ఎక్కిందంటే, బత్తాయిల కోసం ఎక్కింది.

విజయవాడలో ఒక డెంటల్ కాలేజీ వాళ్ళు ఊళ్ళు తిరిగే బండి ఒకటి పెట్టారు. అందులోనే కుర్చీ, దీపం, నీళ్ళు, మందులు, అన్నీ. అది మొదటిసారి మా ఊరొచ్చిన పొద్దున, దాని డ్రైవరు చక్రి మైకులో ఊదరగొట్టాడు. "పళ్ళ బండి వచ్చిందమ్మా పళ్ళ బండి! పాల కేంద్రం దగ్గరికి రండమ్మా!" మా అత్తగారు సంచీ తీసుకుని లేచింది. నేను పోతానంటే, "నీకు బేరం చేతకాదు, కూర్చో" అంది.

తర్వాత జరిగింది దానమ్మ చూసి చెప్పింది. పాల కేంద్రం ముందు తెల్ల బండి ఆగి ఉంది, వెనక మెట్లున్నాయి. మా అత్తగారు మెట్లెక్కి తొంగి చూసింది. లోపల భానుశ్రీ అని సన్నటి డాక్టరమ్మాయి.

"రండమ్మా, కూర్చోండి" అందట ఆ అమ్మాయి.

"కూర్చోబెట్టి అమ్ముతారా? బానే ఉంది మర్యాద" అని మా అత్తగారు కూర్చుంది.

"ఎన్ని పోయాయమ్మా?"

"పోయినవి నాకెందుకు తల్లీ. మంచివి చూపించు. డజనెంత?"

"డజను చాలవమ్మా. పైనా కిందా కలిపి రెండు డజన్ల పైనే పడతాయి" అని డాక్టరమ్మాయి ఓపిగ్గా చెప్పి, కుర్చీని వెనక్కి వాల్చింది. అప్పుడు అర్థమైంది మా అత్తగారికి, ఇవి ఏ పళ్ళో!

దానమ్మ కేకేస్తే నేను పిండి చేతులతోనే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆవిడ లేవబోతోంది. డాక్టరమ్మాయి ఆపలేదు, గదమాయించలేదు. తల మీద చెయ్యి వేసి, "కరకరలాడేది తిని ఎన్నాళ్ళయిందమ్మా" అని మాత్రం అడిగింది. మా అత్తగారు నావైపు చూసింది, నా చేతుల పిండివైపు చూసింది. మళ్ళీ వెనక్కి వాలింది. అంతే, నోరు తెరిచింది. పడుకున్నా సంచీ మాత్రం వదల్లేదు.

ఆ రోజు ఊగుతున్న పళ్ళు తీసేశారు. చిగుళ్ళు మానాక ఇంకో ట్రిప్పులో అచ్చు తీసుకున్నారు. ఆ పై ట్రిప్పులో మైనం మీద పళ్ళు గుచ్చిన సెట్టు ఒకటి తెచ్చి, సరిపోయిందో లేదో చూడ్డానికి నోట్లో పెట్టి, అద్దం చేతికిచ్చారు. మా అత్తగారు కొంగు తీసి అద్దంలోకి చూసింది. పెదాలు అటూ ఇటూ కదిపింది. "మా అమ్మ కనపడతందే తులసీ" అంది. ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే డాక్టరమ్మాయి ఆ సెట్టు తీసేసుకుని, "ఇది ఊరికే చూసుకోడానికమ్మా. అసలువి తయారై వచ్చే ట్రిప్పుకి వస్తాయి. ఎలా ఉంది?" అని అడిగింది.

మా అత్తగారు తల ఒక పక్కకి వంచింది. "ఊఁ, పల్లేదు."

దారంతా మాత్రం నన్ను సతాయించింది. "చూపించి లాక్కున్నారే. చూపించి లాక్కోవడమేంటే! పెళ్ళికూతుర్ని చూపించి మళ్ళీ లోపలికి తీసుకుపోయినట్టు." ఆ వారమంతా అద్దం దగ్గర్నుంచి కదల్లేదు. దానమ్మ మనవరాలి పెళ్ళికి వస్తానని తనంతట తనే చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఆ ఫోన్లు మొదలయ్యాయి. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరున్న బండి తాలూకు ఆఫీసు నుంచి సింధూరి అనే అమ్మాయి, బండిలో వైద్యం చేయించుకున్న ప్రతివాళ్ళకీ ఫోన్ చేసి అడిగింది. సేవలు ఎలా ఉన్నాయండీ, తృప్తిగా ఉందా అండీ, అని. పిప్పి పన్నుకి సిమెంటు వేయించుకున్న దానమ్మ పర్లేదంది. గార తీయించుకున్న మా ఆయన పర్లేదన్నాడు. మా అత్తగారు పల్లేదంది. ఊరు ఊరంతా కూడబలుక్కున్నట్టు అదే చెప్పింది. డాక్టరమ్మాయిది మంచి చెయ్యని, సూది గుచ్చినా తెలియలేదని, వీధి అరుగుల మీద అందరూ ఒకటే పొగడ్తలు. ఫోన్లో మాత్రం పర్లేదు.

బండి రావాల్సిన రోజు మా అత్తగారు తలంటుకుని, జరీ అంచు నేత చీర కట్టుకుని, అందరికంటే ముందు పాల కేంద్రం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. పాలవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. బండి రాలేదు. నేను చక్రికి ఫోన్ చేశాను.

"తులసక్కా," అని నీళ్ళు నమిలాడు. "మీ ఊరు తీసేశారక్కా. మార్కులు బాగా తక్కువొచ్చినయ్యంట. బండిని హనుమాన్ జంక్షన్ వైపు వేశారు."

"తక్కువ రావడమేంటి? మరి మా అత్తయ్య సెట్టో?"

"తయారైందక్కా, కాలేజీలో డబ్బాలో ఉంది. నేను తెచ్చిస్తే లాభం లేదు. డాక్టరమ్మ నోట్లో పెట్టాల, కొరికించి చూడాల, ఒరుసుకునే చోట అరగదియ్యాల. విజయవాడ తీసుకు రాగలరా?"

ఆవిడ విజయవాడ ఎట్టా వస్తుంది! వెళ్ళి చెప్పాను. మా అత్తగారు విని కాసేపు రోడ్డువైపే చూసింది. తర్వాత కుర్చీలోంచి లేచి, "పోనీలే. పల్లేదు" అంది. ఈ పర్లేదు నేనెప్పుడూ వినని రకం. కొంగు మళ్ళీ నోటికడ్డం పెట్టుకుని నా ముందు నడిచింది. దానమ్మ మనవరాలి పెళ్ళికి తన బదులు నన్ను పొమ్మంది.

అప్పుడొచ్చింది నాకు కోపం. ఇంటికెళ్ళి పొయ్యి కూడా వెలిగించకుండా బెంజ్ సర్కిల్ ఆఫీసుకి ఫోన్ కొట్టాను. ఆ సింధూరే ఎత్తింది.

"ఏమ్మా, మా ఊరికి మార్కులు వేసింది నువ్వేనా?"

"నేను వెయ్యలేదు మేడమ్, మీరే వేశారు" అంది మర్యాదగానే. "చాలా బాగుంది, బాగుంది, పర్లేదు, బాగోలేదు, అస్సలు బాగోలేదు. ఈ ఐదింట్లో ఒకటి చెప్పమన్నాం. మీ ఊళ్ళో అందరూ పర్లేదన్నారు. అంటే అంతంత మాత్రం అని. పేషెంట్లకి తృప్తి లేని ఊరికి బండెందుకని పైవాళ్ళు మార్చేశారు మేడమ్."

"ఓసి నీ తెలివి తెల్లారా! పర్లేదంటే అంతంత మాత్రమా? నీది ఏ ఊరమ్మా?"

"ఇక్కడే మేడమ్, పటమట."

"మీ అమ్మమ్మగారిది?"

"ఉయ్యూరు దగ్గర."

"ఆవిడ కూర తిని, బాగుంటే ఏమంటుంది?"

అవతల కీబోర్డు టకటకలు ఆగిపోయాయి. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"పర్లేదు అంటుందండీ" అంది సింధూరి, చిన్న గొంతుతో.

"అదమ్మా సంగతి!"

పాపం మంచి పిల్లే. పైవాళ్ళతో మాట్లాడి మళ్ళీ ఫోన్ చేసింది. ఇంకోసారి అందర్నీ అడుగుతుందట. కానీ ఎవరి మాట వాళ్ళే చెప్పాలట, మాటలన్నీ రికార్డవుతాయట. "ఇంకో సంగతి మేడమ్. మీ ఊళ్ళో పని సగంలో ఆగింది మీ అత్తగారికొక్కరికే. బండి మళ్ళీ ఎందుకు పోవాలి అని అడిగితే నేను ఆవిడ మాటే వినిపించాలి. ఆవిడ కూడా పర్లేదంటే నేనేం చెయ్యలేను."

ఊరంతా తిరిగి చెప్పొచ్చాను. ఇంక చూడండి మా వాళ్ళ తంటాలు! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎవరినీ ఎదురుగా పొగిడిన అలవాటు లేదాయె. మా ఆయన పెరట్లో గేదె ముందు నిలబడి, "చాలా బాగుందండీ, చాలా బాగుందండీ" అని వల్లె వేసుకున్నాడు. గేదె మేత మానేసి ఆయన్నే చూసింది. దానమ్మ అయితే ఫోన్ రాగానే శివాలెత్తినట్టు అందుకుంది. "అబ్బబ్బబ్బ, ఏం బాగుందమ్మా! ఆ డాక్టరమ్మ చెయ్యి వెన్నపూస! మా ఆయన బతికుండగా ఏనాడూ అంత నెమ్మదిగా నన్ను ముట్టుకోలా!" సింధూరి ఇంక చాలండీ, చాలండీ అంటున్నా వదల్లేదు. అందరూ గట్టెక్కారు. మిగిలింది మా అత్తగారు.

"నేనా మాట అనను" అంది.

"అయ్యో అత్తయ్యా, ఒక్క మాట! పళ్ళొస్తయ్యి!"

"రాకపోతే మానె. అనను."

"ఆ డాక్టరమ్మాయి మీకు అంత చేసిందే. బాగుందని మీ నోటితో ఒక్కసారి అంటే మీ సొమ్మేం పోయింది?" అని గట్టిగానే అరిచాను. ఇన్నేళ్ళ కసి ఉంది కదా లోపల. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. సింధూరి. ఆవిడకి ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం సరిగా రాదని, స్పీకరు పెట్టి నేనే పట్టుకున్నాను.

"నమస్తే అమ్మా. పళ్ళ బండి సేవలు మీకెలా ఉన్నాయండీ? చాలా బాగుందా, బాగుందా..."

"అమ్మాయ్, ఆగు" అంది మా అత్తగారు. "నువ్వు మంచిదానిలాగున్నావు. నీకొకటి చెప్తా, ఎవరితో అనబాక. నేను బాగుందన్నది ఏదీ నిలబడదు."

"అర్థం కాలేదండీ."

"మా పుట్టింటోళ్ళు గేదెనిచ్చారు. పొదుగు చూసి, ఎంత బాగుందో అన్నా. తెల్లారేసరికి కాళ్ళు బారజాపింది. పెరట్లో మావిడిచెట్టు విరగకాసింది. బాగుందన్నా. ఆ సాయంత్రమే గాలివాన, కాయ లేదు, కొమ్మ లేదు. మా ఆయన కొత్త చొక్కా తొడుక్కుని పామర్రు బయల్దేరాడు. ఒక్కసారి, ఒక్కసారమ్మా, బాగున్నావయ్యా అన్నా. గుమ్మం దిగుతా దిగుతా కాలు మడతపడి మంచానికెక్కాడు. నా నోటి దిష్టి అట్టాంటిది. అప్పట్నుంచి ఆ మాట రానీను. పల్లేదంటా. దిష్టి దానికి తగలకుండా పక్కనుంచి పోద్ది."

అవతల సింధూరి నవ్వలేదు. "అయితే ఇంట్లోవాళ్ళని కూడా ఎప్పుడూ అనలేదా అమ్మా" అని అడిగింది.

మా అత్తగారు నావైపు ఒకసారి చూసి, గోడవైపు తిరిగింది. ఫోన్ నా చేతిలోనే ఉందని మర్చిపోయిందో ఏమో, గొంతు తగ్గించింది. "మా కోడలుంది. ఇన్నేళ్ళ బట్టి దాని చేతి కూడు తింటన్నా. అట్టాంటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. ఒక్కనాడు దాని మొహాన ఆ మాట అనలా. అన్నాక దానికేమన్నా అయితే నేనేం కావాల? అది తిట్టుకుంటది, నాకు తెలుసు. తిట్టుకోనీ. నిక్షేపంలాగుంది, అది చాలు."

ఏడుపొచ్చిందండీ, చెప్పుకోవడానికి సిగ్గేముంది. ఇందాక అరిచిన నోరు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫోన్ కదలకుండా భుజంతోనే కళ్ళు తుడుచుకున్నాను.

సింధూరి మెల్లగా, "అమ్మా, నా దగ్గర ఐదు మాటలే ఉన్నాయి. మీరు చెప్పింది వాటిల్లో లేదు" అంది.

మా అత్తగారు ఆలోచించింది. "ఆ మాట అంటే బండొచ్చిద్దా?"

"వస్తుందండీ. నేను చూసుకుంటాను."

"బండికేమన్నా అయితే?"

"ఏం కాదమ్మా."

"నీకేం తెలుసు! సరే, ఆ డ్రైవరుతో చెప్పు, నెమ్మదిగా రమ్మని. వచ్చాక నేను దిష్టి తీసిందాకా ఆ పిల్ల డాక్టరమ్మని మెట్టు దిగొద్దను." అని, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో బిగించి, "చాలా బాగుంది" అంది. వెంటనే ఫోన్ మీదకి వంగి, "థూ, థూ, థూ!"

"హలో? మేడమ్, లైన్లో ఏదో చప్పుడొస్తోంది!" అంది సింధూరి.

"దిష్టమ్మా, దిష్టి" అని నేను ఫోన్ తుడుచుకుంటూ చెప్పాను. ఇన్నేళ్ళు పొయ్యి దగ్గర మాడిన నాకు దక్కని మాట, నాలుగు చక్రాల బండికి దక్కింది. అయినా ఎందుకో కోపం రాలేదు.

బండి మళ్ళీ మా ఊరికి వేశారని సింధూరి చెప్పిన రోజు నుంచి మా అత్తగారికి కంటి మీద కునుకు లేదు. వచ్చే రోజున చెప్పిన వేళకి రాలేదు. ఆవిడ చీర కొంగు నలిపి నలిపి ముద్ద చేసింది. చివరికి దూరాన తెల్లగా కనపడింది. నత్తలాగా వస్తోంది. పాల కేంద్రం ముందు ఆగగానే చక్రి తల బయట పెట్టి, "సారీ తులసక్కా, పామర్రు దాటంగానే టైరు పంచరైంది. స్టెప్నీ వేసుకొచ్చేసరికి లేటయింది" అన్నాడు.

మా అత్తగారు నావైపు తిరిగింది. "నే చెప్పలా?"

ఆవిడ బూడిదగుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించింది. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళ పళ్ళెం దానమ్మ పట్టుకుంది. చక్రిని దిగనివ్వలేదు. లోపల భానుశ్రీ డాక్టరమ్మ తెల్లకోటుతో, ఏం జరుగుతోందో తెలియక, కిటికీలోంచి చేతులు జోడించింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, నా పాడు నోటి దిష్టి అంటూ మా అత్తగారు బండి చుట్టూ తిరిగి, ముందు చక్రం దగ్గర గుమ్మడికాయ పగలేసింది. ఎండుమిరపకాయలు కూడా కాల్చింది. ఆ ఘాటుకి ఊరంతా దగ్గింది గానీ, డాక్టరమ్మ మాస్కు పెట్టుకుంది కాబట్టి ఆవిడకేం కాలేదు.

అప్పుడెక్కింది కుర్చీ. సెట్టు పెట్టారు, తీశారు, గీశారు, మళ్ళీ పెట్టారు. రంగు కాగితం మధ్యలో పెట్టి కొరకమన్నారు. ఎక్కడ ఒత్తుతోందో అడిగి అడిగి అక్కడ అరగదీశారు. చివరికి డాక్టరమ్మ అద్దం చేతికిచ్చి, అలవాటుగా, "ఎలా ఉందమ్మా" అని అడిగింది. మా అత్తగారు అద్దంలో చూసుకుంటూ నోరు తెరిచింది.

"అమ్మా, ఆ మాట అనబాకండి! ఇంకో స్టెప్నీ లేదు!" అని ముందు సీట్లోంచి చక్రి కేకేశాడు.

బండిలో అందరం పగలబడి నవ్వాం. మా అత్తగారు కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా. నవ్వి, తల ఒక పక్కకి వంచి, డాక్టరమ్మ బుగ్గ పుణికి, "ఊఁ, పర్లేదు" అంది. పల్లేదు కాదు. పర్లేదు. మధ్యలో ర ఉంది. డాక్టరమ్మకి అప్పటికి మా భాష వచ్చేసింది, వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది.

కొన్నాళ్ళు మెత్తటివే తినమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆవిడ వింటుందా? ఇంటికి రాగానే వంటింటి గడప మీద కూర్చుని, చెయ్యి చాపింది. పొద్దున్నే దింపిన వాయి పళ్ళెంలో ఉంది. "వద్దు అత్తయ్యా, ఒరుసుకుంటది, డాక్టరమ్మ నన్ను తిడతది" అంటూనే, మొండిమనిషి వదలదని తెలిసి, అన్నిట్లోకీ చిన్న చెగోడీ వెతికి ఇచ్చాను.

ఆవిడ కళ్ళు మూసుకుంది. చెవి కాస్త వాల్చింది. కటుక్కుమంది. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! నెమ్మదిగా, అటూ ఇటూ మార్చుకుంటూ, చాలాసేపు నమిలింది. మింగి కళ్ళు తెరిచింది. ఈసారి గోడకేసి చూడలేదు, నన్నే చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "తులసీ," అంది, "నీ చెగోడీ..."

ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు, నా చెయ్యి వెళ్ళి ఆవిడ నోటికి అడ్డం పడింది. "అనొద్దత్తయ్యా! ఆ మాట అనొద్దు!"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. వదల్లేదు, తన ఒళ్ళోనే పెట్టుకుంది.

"ఎందుకంటానే పిచ్చిమొహమా" అంది. "పర్లేదు."

నేను రెండో చేత్తో పళ్ళెం మొత్తం ఆవిడ ముందుకి జరిపాను.